క్యాసెట్‌లో డాక్టరుగారు చెప్పిన మాట

ఇరవై ఏళ్లకు పైగా ఒక మనిషి పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మునిరత్నం. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. మీకే మొదట చెబుతున్నాను. చెప్పకుండానే పోతానేమోనన్న భయం ఈమధ్య ఎక్కువైంది.

అప్పట్లో తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసేదాన్ని. డాక్టరుగారు ఫిల్ములు చూస్తూ, కనిపించిందంతా క్యాసెట్‌లో చెప్పేవారు. నేను విని ఇంగ్లీషులో కొట్టేదాన్ని. ప్రతిదీ మొదటినుంచీ ఎవరు కొడతారు? జబ్బు లేని మనిషి రిపోర్టు ఒకటి కంప్యూటర్‌లో ఉండేది. దాన్నే తెరిచి, తేడా ఉన్న వాక్యాలు మాత్రం మార్చేదాన్ని. డాక్టరుగారు నా మీది నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టేవారు. దానికి నేను మురిసిపోయేదాన్ని కూడా.

మునిరత్నం సత్యవేడు వైపు రైతు. కాలేయంలో క్యాన్సర్ గడ్డ. అది పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి పాకకపోతే కోసి తీసేస్తామనీ, పాకి ఉంటే కొయ్యడం దండగ, ఇంటికి తీసుకుపోండనీ ఆపరేషన్ డాక్టరు చెప్పి పంపాడట. స్కాన్ తీయించింది ఆ ఒక్క సంగతి కోసమే. గడ్డ ఎంతుందో మార్చాను. ఎక్కడుందో మార్చాను. రక్తనాళం గురించిన వాక్యం మార్చడం మరిచిపోయాను. జబ్బు లేని మనిషి వాక్యం అక్కడే ఉండిపోయింది.

ఇంగ్లీషు రానివాళ్లకు రిపోర్టు చదివి తెలుగులో చెప్పేది కూడా నేనే. ఆయన భార్య కుప్పమ్మ వచ్చి నిలబడింది. చదివాను. రక్తనాళం బాగుంది అని నా నోటితో అంటుండగానే, పొద్దున విన్న డాక్టరుగారి గొంతు గుర్తుకొచ్చింది. ఆయన అలా చెప్పలేదు.

"నిజంగా దాంట్లోకి పోలేదు గదా పాపా?" అని అడిగింది కుప్పమ్మ.

"పోలేదక్కా. బాగుండాది," అన్నాను.

"నీ కడుపు సల్లగుండ. ఈ మాట మా ఇంటాయనకి నేనే సెప్తా."

మరిచిపోవడం పొరపాటు. ఆ రెండు మాటలు పొరపాటు కాదు. తెలిసే అన్నాను. డాక్టరుగారు పక్క గదిలోనే ఉన్నారు. ఎందుకు లేచి వెళ్లలేదు? రిపోర్టులో కుడిని ఎడమ అని కొట్టిన అమ్మాయిని అంతకు ముందు నెలే అందరి ముందూ పనిలోంచి పంపేశారు, నాకూ అదే గతి పడుతుందని వణికాను, అది నిజమే. కానీ కుప్పమ్మ మొహంలో ఆ సంతోషం చూశాక దాన్ని నా చేత్తో తుడిచెయ్యలేకపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చానే, అది ఎంతవరకు నిజం? రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున, సొరుగులో వేరే క్యాసెట్లు ఉండగా, డాక్టరుగారి టేప్‌రికార్డర్‌లో ఆ క్యాసెట్టే పెట్టాను. ఆయన కొత్త మాటలు పాత మాటల మీద పడ్డాయి. పదకొండు గంటలకల్లా సాక్ష్యం లేదు.

నెలన్నర తర్వాత కుప్పమ్మ మళ్లీ వచ్చింది. నుదుట బొట్టు లేదు. కడుపు కోసి, చూసి, మళ్లీ కుట్టేశారట. కుట్లు మానలేదు. పొట్టలో నీరు చేరింది. ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని రోజూ అడుగుతూ ఆ ఆసుపత్రి మంచం మీదే పోయాడట. స్కాన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య నాలుగు రోజుల్లోనే పాకిందేమో, మా రాత అని నాకే సర్దిచెప్పింది. మంచిమాట చెప్పిన పాపకు పంట రాగానే కాయలు ఇవ్వమని, ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ఆయన చెప్పాడట. సంచెడు వేరుశనగకాయలు నా బల్ల మీద పెట్టింది.

తీసుకున్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇది పోదు. పోవాలని రాయడం లేదు. కుప్పమ్మ ఉందో లేదో కూడా తెలియదు. ఆ రోజు డాక్టరుగారు క్యాసెట్‌లో చెప్పింది ఇది: మునిరత్నం కాలేయంలోని గడ్డ పెద్ద రక్తనాళంలోకి పాకింది.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. టైపు చేసి ఉంటే అర నిమిషం పట్టేది. ఆయన తన ఇంట్లో పోయేవాడు.