పైపు మీద ఆరేసిన అంగి

మొన్న పన్ను నొప్పికి జహీరాబాదులో దవాఖానకు పోతే, ఎక్స్‌రే తీసే అమ్మాయి నా దవడ పక్కన మిషను సర్ది, కదలొద్దని చెప్పి తాను గోడ చాటుకు వెళ్ళింది. కుర్చీలో ఉన్న నా కాళ్ళు కూడా ఆమె వెంట లేవబోయాయి. పని మానేసి ఇన్నేళ్ళయినా ఒంటికి పట్టిన ఆ అలవాటు వదల్లేదు.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో బాయిలరు పైపుల అతుకుల్లో లోపముందో లేదో గామా కిరణాలతో ఫొటో తీసి చూసేవారు. నేనూ, మా మేనత్త కొడుకూ ఒక కాంట్రాక్టరు దగ్గర ఆ పనే చేసేవాళ్ళం. బియ్యపు గింజంత ఇరిడియం ముక్క బరువైన పెట్టెలో ఉండేది. మేము దూరంగా నిలబడి హ్యాండిలు తిప్పితే అది తీగ చివరన గొట్టం గుండా పైపు దగ్గరికి పోయి, వెనక్కి తిప్పితే మళ్ళీ పెట్టెలోకి వచ్చేది. దాని కిరణాలు కంటికి కనపడవు, వాసనా ఉండదు. తక్కువసేపు ఉండు, దూరంగా ఉండు, అడ్డం పెట్టుకో, ఇంతే మాకు నేర్పిన విద్య. రెండింతలు దూరం జరిగితే దెబ్బ నాలుగో వంతుకు దిగుతుందని చెప్పేవారు. ఒంటికి ఎంత తగిలిందో తెలియడానికి అంగికి ఫిల్ము బ్యాడ్జి పెట్టుకునేవాళ్ళం. అది ల్యాబుకు పోయి జవాబు వచ్చేసరికి ఆ రోజులనే మరిచిపోయేవాళ్ళం.

ఎండాకాలం రేకుల షెడ్డులో అంగి ఒంటిమీద నిలవదు. నేను చీకటి గదిలో ఫిల్ములు కడుగుతున్న ఒక పూట, బావ చెమటకు తడిసిన అంగిని బ్యాడ్జితో సహా ఫొటో తీయాల్సిన పైపు మీదే ఆరేసి, హద్దుకు కట్టిన తాడు బయటికి వచ్చి, అలవాటుగా హ్యాండిలు తిప్పాడు. ఆ సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు.

జవాబు వచ్చినప్పుడు బావ పేరు మీద ఉండకూడనంత మోతాదు ఉంది. పని ఆపించి రక్తపరీక్షకు పంపారు. అప్పటికే మా అక్కతో ఆయనకు లగ్గం ఖాయమైంది, ఈ కబురు వినగానే నాన్న ఆ ఊసెత్తడం మానేశాడు. నానమ్మకు స్వయానా కూతురి కొడుకే అయినా, "ఆని అంగి ఇంట్లకు తేవొద్దు" అంది. ముక్క పెట్టెలోకి పోయాక అంగిలో గానీ మనిషిలో గానీ ఏ కిరణమూ మిగలదని నేను ఎంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. నిజం చెబితే లగ్గం నిలుస్తుంది, బ్యాడ్జి లేకుండా పని చేసినందుకు నౌకరీ పోతుంది. బావ నోరు మెదపకపోయేసరికి నిజంగానే తగిలిందని అందరం అనుకున్నాం.

చివరికి అక్కే, ఆ రోజుల్లో ఏ ఆడపిల్లా చేయని పనిగా, ఝరాసంగంలో మేనత్త ఇంటికి పోయి ఆయన్ను నిలదీసింది. అంతా విన్నాక, "ఉన్నదున్నట్టు చెప్పు. నౌకరీదేముంది, ఇంకోటి దొరుకుతది" అని వచ్చేసింది. మరునాడు బావ సేఫ్టీ ఆఫీసరు ముందు నిలబడితే పక్కన నేనూ ఉన్నాను.

"అంగి ఇప్పి పైపు మీద ఏసిన సార్. బ్యాడ్జి దానికే ఉండె. నేనైతె తాడవతలనే ఉన్న."

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"నౌకరీ పోతదని."

ఆఫీసరు కేకలేయకుండా ల్యాబుకు ఫోను చేశాడు. ఫిల్ము మీద బ్యాడ్జిలోని లోహపు బిళ్ళల నీడల అంచులు గీత గీసినట్టున్నాయనీ, కదిలే మనిషి మీద ఉంటే మసకగా పడేవనీ వాళ్ళు చెప్పారు. రక్తపరీక్షలోనూ తేడా ఏమీ రాలేదు. నౌకరీ మాత్రం పోయింది. బావ అల్లం సాగులోకి దిగాడు, లగ్గం అయింది.

ఇప్పుడు ఆ పని చేసే పిల్లల జేబుల్లో మోతాదు పెరిగితే అక్కడికక్కడే కూసే పరికరాలున్నాయి. మనిషి చెప్పాడా దాచాడా అన్న తంటా లేదు, నెలల తరబడి ఎదురుచూపూ లేదు. మంచిదే, మాకూ అలాంటివి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అక్కకు తొలి కాన్పయినప్పుడు నానమ్మ పొత్తిగుడ్డ తొలగించి పాప వేళ్ళు లెక్కపెట్టి, బావ చూస్తే నొచ్చుకుంటాడని గబగబా కప్పేసింది. ఆ మాట ఈమధ్య అక్క దగ్గర ఎత్తితే, అంతకుముందే, గదిలో ఎవరూ లేనప్పుడు, బావ కూడా లెక్కపెట్టుకున్నాడని చెప్పింది.