చిటికెన వేలంత సందు

మా ఇంట్లో పాత బట్టల మూట కింద ఒక ఆకురాయి ఉంది. ఇనుమును అరగదీసే జానెడు పనిముట్టు. తొమ్మిదేళ్లుగా దాన్ని వాడలేను, పారేయలేను. మా ఆవిడ రెండుసార్లు తుక్కులో వేయబోతే ఇంతెత్తున లేచాను. ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలను.

నేను బడిపంతులును. తెలంగాణ వచ్చిన కొత్తలో మర్రిగూడ పక్క ఊరికి బదిలీ అయి, చింతపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. బడికి సగం దూరం తారు రోడ్డు, మిగతా సగం పత్తిచేల మధ్య మొరం బాట. షుగర్ అంచుల్లో ఉన్నావు, సైకిల్ తొక్కమని డాక్టరు అన్నాడు. ఏదో ఒక సైకిల్ కొనుక్కుంటే పోయేది. నేను ఫోన్లో వీడియోలు చూశాను. వంకీ హ్యాండిల్, లావు టైర్లు, తారు మీదా రాళ్ల మీదా ఒకే ఊపుతో పోయే గ్రావెల్ బైకులు. పిచ్చి పట్టుకుంది. హైదరాబాద్ దుకాణాలు తిరిగితే నా పొట్టి చేతులకు ఒక్కటీ కుదరలేదు. అప్పుడు ఎవరో సత్తెన్న పేరు చెప్పారు.

సత్తెన్నది చింతపల్లి రోడ్డు పక్కన చిన్న రేకుల దుకాణం. పాల క్యాన్లు మోసే సైకిళ్లకూ, నడవలేనివాళ్ల మూడు చక్రాల బళ్లకూ ఫ్రేములు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. చిన్నప్పటి నుంచి మర్రిగూడ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి మోకాళ్లు బిగుసుకుపోయాయి. తాను సైకిల్ ఎక్కలేడు. ఎక్కేవాళ్ల కోసం కడతాడు.

పురికొస తీసి నా కాలు, చేయి, నడుము కొలిచి ముడులు వేసుకున్నాడు. "తారు రోడ్డు మీద ఉరకాలె, మొరం మీద జారొద్దు అంటున్నరు. రెండు పడవల మీద కాళ్లు పెడ్తమంటున్నరు సారు," అని నవ్వాడు. "సరే, పెట్టిద్దం. గని టైరు ఎంత లావు గావాల్నో ఇప్పుడే చెప్పుండ్రి. ఫోర్కు కట్టినంక నా చేతుల లేదు."

ఫోర్కంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఇనుము. మధ్యరకం టైరు చాలన్నాను. బండి తయారైన రోజు ఆయన తన చిటికెన వేలిని టైరుకూ ఫోర్కుకూ మధ్య పెట్టి చుట్టూ తిప్పి చూపించాడు. "గీ సందుల వేలు తిరగాలె. రాయి ఇరికినా, బురద పట్టినా గిదే మిమ్ముల కాపాడ్తది." ఎవరి బండైనా ఆ వేలు తిరగందే ఆయన ఇచ్చేవాడు కాదు.

ఆరు నెలలు ఆ బండి మీద నేను రాజును. తర్వాత మనసు ఊరుకోలేదు. ఇంకా లావు టైర్లు తెప్పించాను. ఎక్కిస్తే ముందు చక్రం ఫోర్కుకు రాసుకుంటోంది. సత్తెన్న దగ్గరికి పోవాలి కదా? పోలేదు. పోతే కొత్త ఫోర్కు కట్టాలంటాడు, నెల పడుతుంది, మరుసటి రోజే నల్లగొండ నుంచి సైకిల్ మిత్రులు వస్తున్నారు, వాళ్ల ముందు లావు టైర్లతో దిగాలని నా ఉబలాటం. అదొక్కటేనా? "ముందే అడిగిన గద సారు" అన్న మాట పడాల్సి వస్తుందని కూడా. పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నేర్పే పంతులును నేను. శనివారం మధ్యాహ్నం ఆకురాయి కొని తెచ్చి, వాకిట్లో కూర్చుని, టైరు తగిలే చోట ఫోర్కును లోపలి నుంచి అరగదీశాను. రెండు వైపులా. పైన నల్ల రంగు పూశాను. చక్రం హాయిగా తిరిగింది. చిటికెన వేలు పెట్టి చూశాను కూడా. అదీ నా తెలివి.

ఆదివారం మా బడి శ్రీనివాస్ సారు ముచ్చటపడ్డాడు. "ఒక్క చక్కరు కొట్టొస్త" అన్నాడు. గర్వంగా ఇచ్చాను. వాగు దిగే మొరం బాట మీద ఫోర్కు విరిగింది. మొహం నేలకు కొట్టుకుంది. ముందు పళ్లు రెండు పోయాయి, దవడకు కుట్లు పడ్డాయి, చేయి విరిగింది. దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలో ఎవరో "వెల్డింగ్ ఆగలే" అన్నారు. నేను అనలేదు. వాళ్లే అన్నారు. నేను తల ఊపానా? ఊపాను.

మర్నాడు సత్తెన్న కర్ర ఊతంతో మా వాకిట్లోకి వచ్చాడు. వాగు దగ్గర నుంచి ఎవరో తెచ్చిచ్చిన విరిగిన ఫోర్కు చంకలో ఉంది.

"సారు, దీన్నేమన్న చేసిండ్రా?"

"ఏం చేయలేదన్నా."

"టైరు మార్చిండ్రు గద. గంతేనా?"

"అంతే."

ఆయన విరిగిన చోటును బొటనవేలితో తడిమాడు. అరగదీసిన గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"వెల్డింగ్ అయినంక నునుపు చేస్తం గద," అన్నాడు, తనలో తాను. "గప్పుడు నేనే జర ఎక్కువ రాసినట్టున్న. ఈ నడుమ వేళ్లకు సక్కగ పట్టు దొరుకుతలేదు. నాకు ఎరుక గాలె సారు. మీరు అబద్ధం చెప్పరు గద."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు అనడం కూడా అబద్ధమే. నోరుంది. బుద్ధి లేదు. ఆ గీతలు ఎవరివని అడిగితే ఏం చెప్పాలా అని భయపడ్డవాణ్ని, ఆయనే తన నెత్తిన వేసుకునేసరికి అమ్మయ్య అనుకున్నాను. అవును, అమ్మయ్య అనే అనుకున్నాను.

ఆ సాయంత్రం శ్రీనివాస్ మంచం పక్కన నిలబడి సత్తెన్న రెండు చేతులూ జోడించాడు. శ్రీనివాస్ వాళ్లమ్మ "నీ చేతులు పడిపోను" అని శాపం పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఆమెకు గ్లాసుతో నీళ్లు అందించాను.

తర్వాత సత్తెన్న ఫ్రేములు కట్టడం మానేశాడు. పంక్చర్లు, గాలి, అంతే. ఆ ఫోర్కును దుకాణంలో మేకుకు తగిలించాడు. కట్టిమ్మని ఎవరైనా వస్తే వేలెత్తి దాన్ని చూపిస్తాడు. చెప్పాలని ఎన్నిసార్లు ఆ దుకాణం దాకా పోలేదూ నేను? పోయి, గాలి కొట్టించుకుని వచ్చాను.

పోయిన నెల వనస్థలిపురం నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు, గ్రావెల్ బైకు కట్టించుకుందామని. నేనూ అక్కడే బెంచీ మీద ఉన్నాను. సత్తెన్న ఫోర్కును చూపించాడు. "ఒగ మనిషి మొహం పగలగొట్టిన బాపు. ఇగ నాతోని గాదు." ఆ వేళ్లు ఇప్పుడు నిజంగానే బిగుసుకుపోయాయి. చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? చేతులు బాగున్న అన్నేళ్లూ ఉత్తపుణ్యానికి ఖాళీగా కూర్చున్నావన్నా అని చెప్పడమవుతుంది. చెప్పకపోతే, తన చేతులే పాపం చేశాయనుకుంటూ ఆయన పోతాడు. ఏది తక్కువ పాపమో నాకు తేలడం లేదు. పిరికితనమే ఇలా ఆలోచన వేషం వేసుకుని వచ్చిందేమో, అదీ తెలియదు.

మీకు మాత్రం చెప్పాను. ఛాతీ మీది బరువు కొంచెం కదిలింది, అంతకుమించి ఏమీ కాలేదు.

వనస్థలిపురం ఆయన వచ్చిపోయిన ఆ రోజు, బెంచీ మీంచి నేను లేస్తుంటే సత్తెన్న తన చేతులు చూసుకుంటూ, "నమ్మిన చేతులే నన్ను మోసం చేసినయి సారు," అన్నాడు.

నీ చేతులు కాదన్నా. నావి.