ఆగని బొమ్మ

గల్ఫ్‌లో, గుదైబియాలో మా రూములో ఎనిమిది మందిమి ఉంటాం. మొన్నటిదాకా అందరికీ కలిపి ఒక్కటే పాత నెట్ కనెక్షన్. శుక్రవారం వచ్చిందంటే ఎనిమిది మందీ ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేసేవాళ్లం, ఎనిమిది బొమ్మలూ ఒకేసారి ఆగిపోయేవి. ఏడుగురికి పెద్ద నష్టం లేదు, బొమ్మ ఆగినా మాట వినిపించేది. లింబాద్రి సంగతి వేరు. అతని భార్య వినోదకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది చేతులతోనే. చేతులు ఆగిపోతే ఇక మాట లేనట్టే.

అందుకే రెండేళ్లు మా ప్రాణం తీశాడు. "అన్నా, ఫైబర్ పెట్టిద్దామే" అని లేస్తే అదే పాట, పడుకుంటే అదే పాట. రూము మాలో పెద్దవాడైన బాలన్న పేరు మీద ఉంది కాబట్టి కనెక్షన్‌కు ఆయనే సంతకం పెట్టాలి. ఆయన "ఉన్నది సాల్తలేదారా?" అని కసిరేవాడు. నా నోరు అంతకంటే చెడ్డది. "నీ పెండ్లాంతోని అంతగనం ఏం మాట్లాడేది ఉంటదిరా?" అని ఒకరోజు అనేశాను. ఆ మాటకు నాకు ఇప్పటికీ సిగ్గే.

తీరా బాలన్న సరేనన్న రోజు లింబాద్రి అడ్డం తిరిగాడు. "వద్దే అన్నా. ఇప్పుడున్నదే మంచిగున్నది."

కారణం మాకందరికీ తెలుసు. లింబాద్రి టైల్స్ మేస్త్రీ. నాలుగు నెలల కింద కటింగ్ మిషన్‌లో చెయ్యి పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. గాయం మానింది, కంపెనీ వాళ్లు స్టోరులో తేలిక డ్యూటీ ఇచ్చారు. ఇంటికి మాత్రం చెప్పలేదు. మమ్మల్నీ చెప్పనివ్వలేదు, ఒట్టు వేయించుకున్నాడు.

వేళ్లు పోయినందుకు కాదు అతని ఏడుపు. వినోద తన పేరు ఏనాడూ వినలేదు కదా. పెళ్లైన కొత్తలో లింబాద్రే ఆమెకు ఒక పేరు పెట్టాడు. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి కుడి బుగ్గ మీద రెండుసార్లు తట్టడమే ఆ పేరు. నవ్వితే ఆమెకు సొట్ట పడేది అక్కడే. ఇప్పుడు ఆ రెండు వేళ్లే లేవు. ఆ పేరు ఎప్పుడూ కుడిచేత్తోనే, ఎడమ చేత్తో పిలిస్తే కుడిచేతికి ఏమైందని అడుగుతుంది. అందుకని నాలుగు నెలలుగా పెళ్లాన్ని పేరు పెట్టి పిలవలేదు.

ఫోను కుడిచేత్తో పట్టుకునేవాడు, చెయ్యి దాని వెనక దాగిపోయేది. ఎడమ చేత్తో నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఆమె గుచ్చి గుచ్చి అడిగితే కన్ను ఆర్పకుండా బిగుసుకుని కూర్చునేవాడు. నెట్ ఆగిందనుకుని ఆమె ఊరుకునేది. ఏం వేషగాడండీ! ఆ నెట్ ఆగకుండా పోతే ఎలాగన్నదే అతని భయం.

బాలన్న మాత్రం అతని మాట వినకుండా సంతకం పెట్టేశాడు. గురువారం సాయంత్రం మేం డ్యూటీ నుంచి వచ్చేసరికి కనెక్షన్ పెట్టే మణికుమార్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చిత్తూరు మనిషి. వెంట్రుకంత గాజు తీగను ఊపిరి బిగబట్టి అతికించాడు. "తమ్మీ, ఆ వైఫై డబ్బ వంటింట్ల పెట్టరాదు?" అన్నాడు లింబాద్రి.

"వైరు ఈ కిటికీలోంచి కదన్నా వస్తాండేది. ఈడనే పెట్టల్ల."

ఆ కిటికీ సరిగ్గా లింబాద్రి మంచం నెత్తి మీదే ఉంది. డబ్బాను గోడకు బిగించి, పచ్చ లైటు వెలిగాక, "ఇంక మీకు అడ్డమే లేదన్నా" అని చెప్పి మణికుమార్ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వినోద కాల్ చేసింది. బొమ్మ అద్దంలా ఉంది. ఆమె మొగుణ్ణి కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత రెండు వేళ్లతో తన బుగ్గ మీద రెండుసార్లు తట్టుకుని, అరచెయ్యి తెరిచి అడిగింది. ఆ మాత్రం నాకూ అర్థమైంది. నన్ను పేరు పెట్టి ఎందుకు పిలవడం లేదు?

లింబాద్రి వెంటనే బిగుసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే నేను అన్నం గిన్నె పట్టుకుని అతని వెనక నుంచి నడిచాను. కావాలనే నడిచానని అతను ఇప్పటికీ అంటాడు. కాదని నేనూ అనను. వినోద కళ్లు నాతోపాటు ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చాయి. తర్వాత మొగుడి మీదికి తిరిగాయి.

"కదులురా ఇగ, దొరికినవ్" అన్నాను.

లింబాద్రి ఫోనును తొక్కు సీసాకు ఆనించి, కుడిచెయ్యి పైకెత్తాడు.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఏడ్చింది. తర్వాత మొదలుపెట్టింది తిట్టడం, పావుగంట తిట్టింది. ఆ చేతులు కొట్లాటకు వచ్చిన కోళ్లలా లేచాయి. ఒక్క తిట్టు కూడా మధ్యలో ఆగలేదు, అన్నీ చేరాయి.

"ఏమంటుందిరా?" అన్నాడు బాలన్న.

"కండ్లు గూడ లేవనుకున్నవా నాకు, అంటుందే."

తిట్టి తిట్టి అలిసిపోయి, ముఖం తుడుచుకుంది. కుడిచెయ్యి ఎత్తి చూపుడు వేలు మడిచింది, మధ్య వేలు మడిచింది. మిగిలిన ఉంగరం వేలు, చిటికెన వేలు కలిపి బుగ్గ మీద రెండుసార్లు తట్టుకుంది. ఇక నీ వంతు అన్నట్టు ఆగింది.

మేం ఎటో చూస్తున్నట్టు నటించాం. లింబాద్రి ఆ రెండు వేళ్లను కలిపి బుగ్గ దాకా తెచ్చి ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టాడు.

వినోద నవ్వింది. ఆమె బుగ్గ మీద సొట్ట ఆ మూలనున్న బాలన్నకు కూడా కనిపించింది.