బావగారి మ్యాపులో ప్రశ్నార్థకం

మా వారి అన్నగారు, నాకు బావగారు, ఈ నెల మొదట్లో పొద్దున్నే కాఫీ తాగుతూ కన్నుమూశారు. పన్నెండో రోజూ అయిపోయింది. వచ్చినవాళ్లంతా ఆయన మంచితనం చెప్పుకున్నారు. నేను చెప్పలేని మాట ఒకటి నాలోనే ఉండిపోయింది. అందుకే, ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను కలం పట్టాను.

కొండల్లో ఏ రాయి ఎక్కడుందో మ్యాపు గీయడం ఆయన పని. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, రంగుల తేడాను బట్టి గీతలు గీసేవారు. తర్వాత సుత్తి, భూతద్దం, అటుకుల పొట్లం సంచిలో వేసుకుని చీపురుపల్లిలో బస్సెక్కేవారు.

మా అత్తగారు గొణిగేవారు. "ఆకాశంలోంచి తీసిన బొమ్మ ఉండగా ఎండలో తిరగడమేట్రా?"

"మేడ మీంచి సూస్తే సేటలో ఉన్నవి బియ్యమో నూకలో తెలుస్తాదేటమ్మా? సేత్తో ముట్టాల."

"ముట్టు, ముట్టు. ఆ ఎర్రమట్టి సొక్కాలు ఉతికేది మాత్రం మేము."

ఉతకబోతే జేబుల్లో రాళ్లు దొరికేవి. పారేయకుండా కిటికీలో పెట్టేదాన్ని. ఒకసారి ఒక రాయి పగలగొట్టి నాకు చూపించారు. లోపల దానిమ్మ గింజల్లా ఎర్రని చుక్కలు. "ఇలాగుంటే ఆ రాయి పేరు ఖోండలైటు. పైతోలు సూసి పేరెట్టకూడదమ్మా, ఇరిసి సూడాల" అన్నారు.

గుండెజబ్బు వచ్చాక డాక్టరు కొండలెక్కవద్దన్నారు. అప్పటికి తేలనిది ఒక్కటే, మా అమ్మవారి కొండ. ఫొటోలో చెట్లు కప్పేసి ఏమీ తెలియదు. ఆ కొండకు ఇనుము తగలకూడదు. కట్టెలకు వెళ్లేవాళ్లు కూడా కత్తి కిందే వదిలి ఎక్కుతారు. బావగారూ సుత్తి కిందే వదిలేవారు. అందుకే మ్యాపులో ఆ కొండ మీద పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు.

"మంగళారం దీపానికెళ్తావు గదా. దానంతటది ఇరిగిపడిన ముక్కుంటే తెస్తావేటమ్మా?" అని అడిగారు.

అమ్మవారికి భయపడి, కింద కొండమెట్ల దగ్గర దొరికిన రాయి తెచ్చాను. ఆయన పగలబడి నవ్వారు. "ఇది మెట్లకని లారీలో వచ్చిన కంకరమ్మా! అమ్మోరిది కాదు, కంట్రాక్టరుది."

మరుసటి మంగళవారం కొండ మీది గుడి వెనక బండ నుంచి విడిపోయిన ముక్క కనిపించింది. విరిగిన వైపు అవే ఎర్రని గింజలు. కొంగున కట్టుకున్నాను. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాను. ఆయన గుండె బాగుండాలని మొక్కుకోవడానికే కదా వచ్చాను! తల్లి కొండనే మూట కట్టుకుపోతే, ఆ కోపం ఆయన మీదే పడితే? తిరిగి వెళ్లి, తీసినచోటే పెట్టేశాను.

"దొరకలేదు బావగారూ" అన్నాను. ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే.

"దొరక్కపోతే ఏటైంది? తెలీనికాడ తెలీదని గుర్తెట్టడం కూడా మ్యాపేనమ్మా" అని నన్నే ఓదార్చారు.

ఆ తర్వాత నాలుగో రోజున పోయారు.

రాయి తేకపోయినా, ఎర్రని గింజలున్నాయని చెబితే ఆయనకు తెలిసిపోయేది. నోటిమాటకు ఇనుమూ అక్కరలేదు, మూటా అక్కరలేదు. ఆ సంగతి నాకు ఆయన పోయాక తట్టింది. ఇప్పుడు ఎవరికి చెప్పను?

ఆ ముక్కను విరిగిన వైపు పైకి ఉండేలా పెట్టి వచ్చాను. ఎండపడితే గింజలు మెరుస్తూ ఉంటాయి. ఈ కాగితాలను ఆయన మ్యాపు మడతలో పెడుతున్నాను. చదివినవారు మళ్లీ అక్కడే, ఆ పెన్సిలు గుర్తు మీదే ఉంచండి. ఎవరికీ చూపకండి, ఇది ఆయనకు చెప్పాల్సిన మాట.