బ్యాటరీ మీద నేను చదవని అక్షరాలు

గాజులమ్మే శాయమ్మ మొన్న గద్వాల నుంచి వచ్చి, నా చేతికి గాజులు ఎక్కిస్తూ ఆ కబురు చెప్పింది. మా పాత డ్రైవరు ఖాసీం బాగున్నాడట. నా చెయ్యి బిగుసుకుని ఒక గాజు చిట్లింది. పదేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ పేరే. ఈ పత్రిక చదివే మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా వారు వనపర్తిలో వకీలు. నాకు తెలుగు ఇంట్లో మా నాయన నేర్పాడు. సెలవులకు వచ్చినప్పుడు తమ్ముడు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ దిద్దించాడు. అంతవరకే. కాని మా వారు నలుగురిలో మా ఇంట్లో ఇంగ్లీషు చదివే మనిషి ఉందని చెప్పుకునేవారు. నేను కాదనలేదు. కాదనకపోవడం కూడా అబద్ధమేనా? అప్పుడు అలా అనిపించలేదు. ఆ పేరు వల్లనే మధ్యాహ్నం వసారాలో పుస్తకం పట్టుకుని కూర్చునే భాగ్యం నాకు దక్కింది. పక్కనే ఖాసీం కూతురు రహీమా నేను పెట్టిచ్చిన తెలుగు అక్షరాలు పలక మీద దిద్దుకునేది.

యుద్ధం మొదలైన కొత్తలో మా కారు బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది దొరకడమే గగనం. రాయచూరు వ్యాపారి ఒకాయన రెండు తెచ్చి వసారాలో పెట్టి, నచ్చింది ఉంచుకోమన్నాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది. రెండోది దుమ్ముకొట్టుకుని, మూల కొంచెం విరిగి ఉంది. ఖాసీం రెండింటి మూతలూ విప్పాడు. గాజు గొట్టంతో ఒక్కో అరలోని ఆసిడ్ పైకి లాగి, అందులో పూస ఎంత తేలుతుందో చూశాడు. నిగనిగలాడేదానిలో మూడో అర బలహీనంగా ఉందన్నాడు. ఆ ఒక్కటీ మిగతా రెండింటినీ కిందికి లాగుతుందట. దుమ్ముదానిలో మూడూ సమానం. అదే తీసుకోమన్నాడు.

వ్యాపారి నవ్వి, ఏది కొత్తదో దాని మీదే అచ్చు కొట్టి ఉంటుంది, చదువుకోండి అన్నాడు. మా వారు నన్ను పిలిచారు.

వంగి చూశాను. ఒక్కో అక్షరం తెలుసు. అవన్నీ కలిసి ఏం చెబుతున్నాయో తెలియదు. చివర ఏవో అంకెలు. అవి సంవత్సరమో, మరేదో. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. తలెత్తి చూస్తే మా వారు గర్వంగా నవ్వుతున్నారు. మెరిసేది ఈ ఏడు తయారైందనీ, రెండోది మూడేళ్ల పాతదనీ చెప్పాను.

మెరిసేదే కొన్నారు.

రెండు నెలలు తిరగకముందే గోపాల్‌పేట దాటాక కారు ఆగిపోయింది. హ్యాండిలు ఎంత తిప్పినా ప్రాణం రాలేదు. ఎవరో రైతు ఎడ్లు కట్టి వనపర్తి బజారు నడుమ నుంచి లాక్కొచ్చాడు. జనమంతా చూశారు. ఆ అవమానం మా వారు ఓర్చుకోలేకపోయారు. తన మాట నెగ్గలేదన్న అక్కసుతో ఖాసీం బ్యాటరీలో ఎప్పటికప్పుడు పోయాల్సిన వాన నీళ్లు పోయడం మానేశాడన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు. ఖాసీం కారు తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఖాసీం తన కూతురి పలక కోసం పెరటి వైపుకు వచ్చాడు. పలక ఇస్తూ అడిగాను.

"నిజం ఎందుకు చెప్పలేదు ఖాసీం?"

"ఏమని జెప్పాలమ్మా? ఆ దినం మీరు సదివింది బ్యాటరీ మీద అక్షరాలు గాదు, అయ్యగారి మొగం. నాకు గప్పుడే ఎర్కైంది. జెప్తే ఆ సేటు నవ్వుతుండె. తెల్లారి మీ పుస్తకాలు అటకెక్కుతుండె. మా పోరి పలక గూడ."

"నేనిప్పుడే పోయి చెప్తాను."

ఆయన వద్దనలేదు. "జెప్తే మంచిదే. నాకు వేరే పని తెల్వదమ్మా. అయ్యగారు పిలుస్తరేమో, జరసేపు మోరీ మీద కూసుంట."

లోపలికి వెళ్లాను. మా వారు నన్ను చూసి, నీకోసం ఇంగ్లీషు పత్రిక తెప్పిస్తున్నాను అన్నారు. ఆ సంబరం చెరపలేక వంటింట్లోకి నడిచాను. వారి సంబరమా, నాదా? కిటికీలోంచి వీధి కాలువ మీది మోరీ గట్టు కనబడుతూనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఖాసీం అక్కడే కూర్చున్నాడు. తరువాత లేచి, బట్టలు దులుపుకుని, పలక చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమశిల దగ్గర కృష్ణలో మునిగిన ప్రతిసారీ అక్కడి గుళ్లో స్వామికి ఇది చెప్పుకున్నాను. స్వామికి చెప్పడం తేలిక. ఆయన మా వారికి చెప్పడు. ఆ సిగ్గుతోనే తమ్ముడి పాత పుస్తకాలు ముందేసుకుని, ఇన్నేళ్లకు ఇంగ్లీషు నిజంగానే నేర్చుకున్నాను. అదీ ఖాసీం పెట్టిన భిక్షే.

ఇప్పుడు గద్వాల స్టేషను దగ్గర ఖాసీం ఆయిల్ ఇంజను పెట్టి బ్యాటరీలకు చార్జి ఎక్కిస్తున్నాడట. ప్రతి బ్యాటరీకీ రహీమా తెలుగులో ఒక చీటీ రాసి అంటిస్తుందట. ఏ రోజు చార్జి ఎక్కించిందీ, మూడు అరల్లో ఏది ఎలా ఉందీ, ఎవరైనా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో. నా దగ్గర ఆ పిల్ల చదువు గుణింతాల దగ్గరే ఆగిపోయింది. మిగతాది తనంతట తానే నేర్చుకుందన్న మాట. స్వామీ, ఎంత దయ నీది!

అమ్మ ఇంకా చదువుతున్నదా అని ఖాసీం అడిగాడట. ప్రేమగా అడిగాడో, దెప్పడానికే అడిగాడో శాయమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ కాగితం ముందు మా వారి బల్ల మీద పెడతాను. ఆ తరువాతే మీ దగ్గరికి వస్తుంది. వారు ఏమంటారో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీ ఇంట్లో ఏ పిల్లయినా పలక పట్టుకుని కూర్చున్నప్పుడు, ఎండలో మోరీ మీద కూర్చుని నా మాట కోసం ఎదురుచూసిన ఖాసీంను ఒక్కసారి తలుచుకోండి.