మైదానానికి వీపు తిప్పి నిలబడే మా చిన్నమ్మ

చిన్నమ్మ పోయిందని చిన్నాయన ఫోన్ చేసినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. "తెల్లారి లేవలేదు పాపా. గుండె అంటాండారు," అన్నాడు. సరే అన్నాను. పాలు పొంగేదాకా ఉండి, పొయ్యి ఆర్పి, గిన్నె మీద మూత పెట్టి, ఆ తరవాతే అనంతపురంలో ధర్మవరం బస్సెక్కాను. ఏడుపు రాలేదు. బత్తలపల్లె దాటాక ఒక్కటి గుర్తొచ్చింది: వచ్చే ఆదివారం ఫైనల్.

ఏ ఫైనలో చెప్పాలి. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ధర్మవరంలో పట్టుచీరలు నేసేది. ఆమె చిన్న కూతురు శైలజ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్.

చిన్నమ్మకు ఆట తెలియదు. స్కూలు వదిలాక పిల్ల ఇంటికి రాకుండా గ్రౌండుకు పోతోందని, నిక్కరు గురించి వీధిలో మాటలు మొదలయ్యాయని, లాక్కొద్దామని ఒకరోజు పోయింది. అప్పుడే ఎవరో గట్టిగా తన్నిన బంతిని పిల్ల పక్కకు దూకి పట్టుకుంది. గడ్డి మొలవని నేల అది. మోచేయి గీరుకుపోయి నెత్తురొచ్చింది. పిల్ల చూసుకోను కూడా లేదు, లేచి బంతిని అవతలికి విసిరింది. చిన్నమ్మ ఆట అయ్యేదాకా అక్కడే కూర్చుంది. ఇంటికొచ్చాక మోచేతికి పసుపు అద్ది, "రేపు ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది. ఆ తరవాత వీధిలో ఎవరన్నా ఏమన్నా అంటే, "నా బిడ్డ అంత బంతినే ఆపుతాది. నీ నోరెంత?" అనేది.

ప్రతి ఆటకూ వచ్చేది గానీ చూసేది కాదు. బంతి మన గోలు వైపు వస్తే చాలు, మైదానానికి వీపు తిప్పేది. "బంతి యాడుండాది పాపా?" అని నన్నడిగేది. అవతలికి పోయిందంటే ఇటు తిరిగేది.

నిరుడు ఫైనల్ రోజు పొద్దున మగ్గం దగ్గరికే పోలేదు. "ఈ పొద్దు కూసుంటే పోగులు తెంచుతా," అంది. బొరుగులు నానేసి ఉగ్గాని చేసి ఉప్పు మరిచిపోయింది. ఎవరమూ చెప్పలేదు, అసలు రుచి తెలిస్తే కదా. ఆట జరిగే ఊరికి పోయే బస్సు నిండా మనవాళ్లే, మగ్గాల వాళ్లు, ఆటోల వాళ్లు, ఆడే పిల్లల అమ్మానాన్నలు. డప్పు తెచ్చినతను కూడా దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో ఒకాయన, "ఏం భయం లేదులే, గెలిచేది మనమే," అంటే చిన్నమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు గమ్మునుండన్నా. దిష్టి తగలతాది," అంది.

ఆట సమానమై పెనాల్టీలకు పోయింది. చిన్నమ్మ లేచి గోడ బయట టీ బంకు దగ్గరికి నడిచింది. నేనూ వెంట పోయాను. గ్లాసు చేతిలో పట్టుకుంది, తాగలేదు. లోపల కేకలు వినపడ్డప్పుడల్లా "మనోళ్లదా, వాళ్లదా?" అని అడిగింది. నాకేం తెలుసు? చివరికి పెద్ద కేక ఒకటి లేచింది. చాలాసేపు ఆగలేదు. "మనది కాదులే. మన డప్పు మోగలేదు," అని గ్లాసు కింద పెట్టి లోపలికి పోయింది.

శైలజ గోలు ముందు బోర్లా పడి ఉంది. చిన్నమ్మ పక్కన గొంతుక్కూర్చుని, వీపు మీద దుమ్ము తుడిచి, "ఆకలైతాందా?" అంది. పిల్ల తలూపింది. తిరుగు బస్సులో నేను దిగులుగా ఉంటే నాతో అన్న మాట ఇది: "ఇంత భయపడినాము గదా, అది ఊరికే పోయిందనుకుంటివా? ఆ పిల్లోళ్లతో పాటు మనమూ ఆడినట్లే."

ఈ ఏడూ జట్టు ఫైనల్‌కు వచ్చింది. చనిపోయే ముందు రోజు చిన్నమ్మ ఫోన్ చేసింది. "నిద్ర పట్టడం లేదు పాపా. నీకు పడతాందా?" లేదన్నాను. "అయితే సరే," అంది, కాస్త కుదుటపడినట్టు.

ఆదివారం పొద్దున ఇంటి నిండా చుట్టాలు. "కర్మ కూడా కాలేదు, ఆటేందప్పా?" అని పెద్దవాళ్లు చిన్నాయనను అడిగారు. ఆయన ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదు. గోడకు ఆనుకుని కూర్చున్న కూతురి వైపు చూసి, "నీ బూట్లు యాడ పెట్టినావు?" అన్నాడు. శైలజ లేచి లోపలికి పోయింది. బూట్లతో బయటికొచ్చింది.

ఆట చూశాను. మొదటిసారి భయం వేయలేదు. బంతి మన గోలు వైపు వచ్చింది, చుట్టూ అందరూ లేచారు, నేను కూర్చునే ఉన్నాను. బంతి యాడుందని నన్నెవరూ అడగలేదు. గెలిచామని పక్కనామె నన్ను కావలించుకుంటే తెలిసింది. అవునా, అన్నాను. శైలజ ఎగిరి గంతులేస్తున్న పిల్లల్లోంచి బయటికొచ్చి నాయన పక్కన నిలబడింది. "పోదామా?" అన్నాడాయన. పోదామంది.

మర్నాడు లేచేసరికి పెరట్లో శైలజ గ్లౌజులు ఉతికి దండెం మీద వేసి ఉన్నాయి. పక్కనే రంగు అద్దిన పట్టునూలు ఆరుతోంది. చేల మీదుగా పొడిగాలి వచ్చినప్పుడల్లా గ్లౌజుల వేళ్లు ఉబ్బి కాస్త పైకి లేస్తున్నాయి, గాలి ఆగితే వాలిపోతున్నాయి. చిన్నాయన నూలు తీయడానికి వచ్చి, వాటికి తగలకుండా తల వంచి కింది నుంచి పోయాడు.