మార్తమ్మ కళ్లంలో ప్రభు భోజనం

అమరావతి బస్సు తప్పిపోయి రోడ్డు మీద నిలబడి ఉంటే, ఒక పాస్టరు గారు నన్ను తన బండి ఎక్కించుకున్నారు. దారిలో మిర్చి కళ్లం దగ్గర ఆపారు. మబ్బు పట్టిందని, ఎండబెట్టిన కాయలు వదిలి ఆ ఆదివారం గుడికి రాలేకపోయిన మార్తమ్మ అనే పెద్దావిడకు ప్రభు భోజనం ఇవ్వాలట.

నేను పక్కకు తప్పుకోబోయాను.

"ఎక్కడికయ్యా? ఉండు. ఒక్కదాన్నే తింటే అదేం భోజనం?" అంది మార్తమ్మ.

ఉండిపోయాను. కారంతో మండుతున్న చేతులు వెనక్కి పెట్టుకుని ఆమె నోరు తెరిచింది. పాస్టరు గారు రొట్టె ముక్క నోట్లో పెట్టి, చిన్న గిన్నెతో ద్రాక్షరసం తాగించారు. ప్రార్థన మధ్యలో మిర్చి ఘాటుకు నేను మూడుసార్లు తుమ్మాను. ఆమె కళ్లు మూసుకునే నవ్వింది.

"మరి నాకు పెట్టరా?" అన్నాను సరదాకి.

"దానికి బాప్తిస్మం కావాలయ్యా. దీనికి ఆకలుంటే చాలు," అని ఆమె తన క్యారేజీ నా ముందుకు జరిపింది. అన్నం, గోంగూర పచ్చడి. "నా చేతులు కారం చేతులు. నువ్వే కలిపి ముగ్గురికీ పెట్టు."

చేతులు కడుక్కుని కలిపాను. మొదటి ముద్ద పట్టుకుని ఆమె వైపు తిరిగాను.

మార్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, ఇందాకటిలాగే నోరు తెరిచింది.